లాలా-బోధకకఫ విచారము: పాకాల చెరకు రసము దృష్టాంతముగా

ప్రస్తావన

పాకాల పరిసర గ్రామములలో చెరకు పంటయు, బెల్లపు వంటయు తరతరములుగా ఎరిగినవి. చెరకు గడను దంతములతో చీల్చి, నమలి, రసము మ్రింగుట ఒక పద్ధతి. గానుగలో ఆడించిన రసమును పాత్రలోనికి పట్టి త్రాగుట మరియొక పద్ధతి. గడ ఒక్కటే, రసమును ఒక్కటే. అయినను ఆయుర్వేద సంహితలు ఈ రెండింటిని ఒక్కటిగా లెక్కింపలేదు. దంతములతో పిండిన రసము విదాహము కలిగింపదనియు, యంత్రముతో పిండినది గురువు, విదాహకరము, విష్టంభకరము అనియు సుశ్రుతసంహిత సూత్రస్థానము 45వ అధ్యాయమున విభజింపబడినది. చరకసంహిత సూత్రస్థానము 27వ అధ్యాయమున కూడ ఈ భేదము కలదు.

ఈ భేదమునకు హేతువేమి? నమలునపుడు రసములో లాలాజలము కలియును, గానుగ రసములో కలియదు, లాలాజలమునకు జీర్ణశక్తి కలదు, కావున మొదటిది సులభముగా జీర్ణమగును అని నేడు సమాధానము చెప్పుట తేలిక. వినుటకు ఇంపుగా నుండును. ప్రాచీనులకు లాలాజలపు జీర్ణశక్తి తెలిసియుండెనను గర్వమును కలుగును. కాని ఆ మాట గ్రంథమున ఉన్నదా, లేక గ్రంథముపై తరువాతివారు ఉంచినదా అను ప్రశ్న పాఠము చెప్పువానికి తప్పదు. శాస్త్రము చెప్పినదానిని చెప్పినంతమేర గ్రహించుట, చెప్పనిదానిని దానికి అంటగట్టకుండుట ఈ విచారమునకు నియమము. లాల విషయమున ప్రాచీనులు నిజముగా గమనించినదేదో అప్పుడే స్పష్టమగును.

పదవిచారము

అమరసింహుడు మనుష్యవర్గమున ఈ ద్రవమునకు మూడు పేర్లు చెప్పెను. అందు సృణిక అనునది గమనార్థకమైన సృ ధాతువును, స్యందిని అనునది స్రవించుట అను అర్థముగల స్యంద ధాతువును స్ఫురింపజేయును. మూడవది లాల. కోరుట అను అర్థముగల లల ధాతువు లాలనము మొదలగు పదములయందును కనబడును. మొదటి రెండు పేర్లు ద్రవము యొక్క కదలికను చూపగా, మూడవది కోరికతో దానికి గల సంబంధమును సూచించునట్లున్నది. ఇష్టమైన పదార్థమును తలచినంతనే నోరూరుట లోకానుభవము.

తెలుగున ఈ ఒక్క ద్రవమునకు సందర్భమును బట్టి పేర్లు మారును. నోటిలోనున్నంతవరకు అది నోటినీరు. వెలుపల పడినచో ఉమ్మి. పసిబిడ్డ పెదవి నుండి తీగవలె జారినచో చొల్లు. అది తగిలిన అన్నము ఎంగిలి. ఈ చివరి పదమునకు తమిళమున ఎచ్చిల్, కన్నడమున ఎంజలు అను సోదరపదములు కలవు. కావున ఎంగిలి భావన ఉచ్ఛిష్టశబ్దమునకు అనువాదముగా పుట్టినది కాదు, దక్షిణదేశ భాషలలో స్వతంత్రముగా వేరూనినది. ద్రవము ఒక్కటియే అయినను లోపలనున్నప్పుడు ప్రాణోపకారి, వెలుపల పడినప్పుడు వర్జ్యము. ధర్మశాస్త్రమును ఈ వివేకమునే పాటించినది. అవయవములపై పడని నోటితుంపరలు ఉచ్ఛిష్టత్వమును కలిగింపవని మనుస్మృతి 5వ అధ్యాయమున కలదు. ఉమ్మివేసిన పిమ్మట ఆచమనము చేయవలెనని అచ్చటనే విధించి, నీటిలో ఉమ్మివేయుటను 4వ అధ్యాయమున నిషేధించినది.

బోధకకఫము

ఆయుర్వేదమున లాల, బోధకకఫము అనునవి తరచుగా పర్యాయములుగా వాడబడుచున్నవి. గ్రంథములను చూచినచో వీనిమధ్య సున్నితమైన భేదము కనబడును. సుశ్రుతుడు సూత్రస్థానము 21వ అధ్యాయమున కఫమునకు స్థానములను చెప్పుచు, జిహ్వామూలమునందును కంఠమునందును ఉండు కఫము రసజ్ఞానమునకు తోడ్పడుననెను. రసనేంద్రియము సౌమ్యము, అనగా జలప్రధానము అగుటయే అందులకు హేతువని చూపెను. ఆ కఫమునకు బోధకమను పేరును వాగ్భటుడు అష్టాంగహృదయము సూత్రస్థానము 12వ అధ్యాయమున స్థిరపరచెను. అవలంబక, క్లేదక, బోధక, తర్పక, శ్లేషకములను ఐదింటిలో అది ఒకటి. రసమును తెలియజేయునది గనుక బోధకము.

ఇచ్చట గమనింపదగినది ఒకటి కలదు. బోధకమునకు వాగ్భటుడు అప్పగించిన పని రసజ్ఞానము, అన్నపచనము కాదు. ఆమాశయమున అన్నసంఘాతమును తడిపి సడలించు పని క్లేదకమునకు చెందినది. పచించునది అగ్ని, దానికి ఆశ్రయము పాచకపిత్తము. అట్లగుటచే బోధకకఫమే పిండిపదార్థమును పచించునని చెప్పుట సంహితల విభాగమునకు విరుద్ధము. బోధకము ఒక దోషభేదము, దాని నిర్వచనము దాని పనినిబట్టి ఏర్పడినది. లాల కంటికి కనబడు స్రావము. బోధకమునకు లాల ఆశ్రయమని చెప్పవచ్చును గాని, రెండును ఒకే వస్తువునకు రెండు పేర్లని చెప్పరాదు.

రసజ్ఞానమునకు తడి అవసరమను విషయమున వైద్యులతో నైయాయికులును ఏకీభవించిరి. రసనేంద్రియము జలీయమని వారి సిద్ధాంతము. ఆంధ్రుడని ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున జలద్రవ్యమును నిరూపించుచు, రసమును గ్రహించు ఇంద్రియమును జిహ్వాగ్రమున ఉంచెను. రసనము జలీయమనుటకు న్యాయసిద్ధాంతముక్తావళిలో చూపిన దృష్టాంతము మనోహరమైనది. పొడిగా నున్న పేలపిండి నాలుకకు స్పష్టమైన రుచిని ఇయ్యదు, నీరు తగిలినంతనే దాని రుచి వెల్లడియగును. గంధాదులను కాక రసమును మాత్రమే వ్యక్తము చేయుట ఆ నీటియందువలెనే రసనమునందును కనబడుచున్నది గనుక, రసనమును జలీయమేయని అనుమానము. పదార్థము నోటినీటిలో కరిగిననే గాని నాలుకపైనున్న రుచిమొగ్గలను చేరదని ఆధునికులును చెప్పుదురు. ఇంద్రియము జలమయమని వారు అంగీకరింపరు, కాని తడి లేనిదే రుచి లేదను గమనికలో భేదము లేదు. లాల విషయమున ప్రాచీనుల అసలైన దర్శనము ఇదియే.

ఆధునిక శారీరశాస్త్రము

లాలను ప్రధానముగా మూడు జతల గ్రంథులు స్రవించును. చెవుల ముందర ఒక జత, క్రిందిదవడ క్రింద ఒక జత, నాలుక క్రింద ఒక జత. ఇవికాక పెదవుల, బుగ్గల లోపలిపొరలలో చిన్నగ్రంథులు వందలకొలది కలవు. ఆరోగ్యవంతునకు దినమునకు సుమారు అర లీటరు మొదలుకొని ఒకటిన్నర లీటరు వరకు లాల స్రవించును. నమలునపుడు స్రావము పెరుగును, నిద్రలో మిక్కిలి తగ్గును. అందు నూటికి 99 పాళ్లు నీరే. మిగిలిన ఒక్క పాలులో లవణములు, జిగురును ఇచ్చు మాంసకృత్తులు, సూక్ష్మజీవులను అణచు ద్రవ్యములు, పిండిపదార్థమును విడగొట్టు అమైలేజ్ అను ఎంజైము ఉండును. ఈ ఎంజైమునకే టయలిన్ అను పాతపేరు పాఠ్యపుస్తకములలో కలదు.

లాల పిండిపదార్థమును చక్కెరగా మార్చునని 1831లో లాయిక్స్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. దీనిని ఎవరైనను పరీక్షింపవచ్చును. అన్నపు మెతుకులను మ్రింగక కొంతసేపు నమలినచో తీపి తోచును. అన్నము నోటనుండునది కొద్దిసేపే. ముద్ద కడుపులోనికి పోయిన పిమ్మటను, దాని నడిమికి ఆమ్లము చొచ్చువరకు ఈ క్రియ సాగును. ఆమ్లము తగిలినంతనే అమైలేజ్ పని ఆగిపోవును. మిగిలిన పిండిపదార్థమును క్లోమరసము చిన్నప్రేవులలో విడగొట్టును. కావున జీర్ణక్రియలో లాల ఆరంభకుడు, ప్రధానకర్త కాదు. మ్రింగుటకు ముద్దను జారుడుగా చేయుట, ఆమ్లము నుండి దంతములను కాపాడుట, నోటిని కడుగుచుండుట దాని తక్కిన పనులు. ఆహారమును చూచుట, వాసన తగులుట మొదలగువానిచేతనే స్రావము కలుగుననుటను రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ కుక్కలపై పరిశీలించి నిరూపించెను. జీర్ణక్రియపై చేసిన పరిశోధనలకు ఆయనకు 1904లో నోబెల్ బహుమానము లభించెను.

ఇచ్చట ఒక పోలిక అధ్యాపకులను ఆకర్షించును. చరకసంహిత చికిత్సాస్థానము 15వ అధ్యాయమున అన్నమునకు మూడు అవస్థాపాకములు చెప్పబడినవి. మొదటిది మధురము, రెండవది ఆమ్లము, మూడవది కటువు. మొదటి పాకమున నురుగువంటి కఫము పుట్టును. మెతుకు నోట తీపియగుటయే ఈ మధురపాకమని కొందరు సమన్వయింతురు. ఈ సమన్వయమునకు రెండు అభ్యంతరములు కలవు. ఆరు రసములుగల అన్నమంతయు మొదట మధురభావమును పొందునని సంహిత చెప్పుచున్నది, లాల తీపిచేయునది పిండిపదార్థమును మాత్రమే. మరియు అవస్థాపాకము భుక్తాన్నమునకు, అనగా మ్రింగిన అన్నమునకు చెప్పబడినది, నోటిలోని కబళమునకు కాదు. పోలిక ఉన్నదని చెప్పవచ్చును, అభేదము చెప్పుటకు ప్రమాణము చాలదు.

చెరకు రస విషయము

ఇక మొదటి ప్రశ్న. యాంత్రికరసము విదాహి యగుటకు హేతువును వాగ్భటుడే అష్టాంగహృదయము సూత్రస్థానము 5వ అధ్యాయమున విప్పి చెప్పెను. గానుగలో గడ మొదలు, కొన, పురుగు తిన్న భాగములు అన్నియు కలిసి నలుగును. మాలిన్యము రసములో చేరును. పిండిన పిమ్మట కొంతకాలము నిలువయుండును. ఈ కారణములచే రసము వికారము పొందును. ఇంతియే హేతువు. లాలప్రసక్తి ఇందు లేదు.

ఆధునికముగా చూచినను లాలను హేతువుగా చెప్పుట నిలువదు. చెరకు రసములోని తీపి ప్రధానముగా సుక్రోజు. లాలలోని అమైలేజ్ పిండిపదార్థమును విడగొట్టును గాని సుక్రోజును విడగొట్టలేదు. దానిని విడగొట్టునది చిన్నప్రేవుల గోడలలోనుండు వేరొక ఎంజైము. కావున దంతములతో పిండిన రసము లాలచే జీర్ణమగునను మాట గ్రంథమునకు దూరము, శారీరశాస్త్రమునకును దూరము. వాగ్భటుడు చెప్పిన హేతువు మాత్రము నేటికిని నిలుచుచున్నది. గానుగ నుండి దిగిన రసము సూక్ష్మజీవులచే త్వరగా పులియును. అందువలననే బెల్లము వండువారు రసమును నిలువయుంచక పెనమునకు ఎక్కింతురు. నమలువాడు పురుగు పట్టిన కణుపును ఉమ్మివేయును, కొనను పారవేయును, రసము ఊరిన క్షణముననే మ్రింగును. గ్రంథమును గౌరవింపదలచి గ్రంథమున లేని హేతువును చెప్పినవారు, గ్రంథముననే యున్న మేలైన హేతువును మరుగుపరచినవారైరి.

ఆహారవిధి

చరకసంహిత విమానస్థానము 1వ అధ్యాయమున భోజనవిధి చెప్పబడినది. వేడిగా, స్నిగ్ధముగా, మితముగా, ముందు తిన్నది జీర్ణమైన పిమ్మట భుజింపవలెను. అతిత్వరితము కూడదు, అతివిలంబము కూడదు. మాటలాడక, నవ్వక, మనస్సు నిలిపి తినవలెను. త్వరితభోజనమున అన్నము తప్పుదారి పట్టుననియు, అన్నముయొక్క గుణదోషములు తెలియవనియు సంహిత హేతువులు చూపినది. రెండవ హేతువు బోధకకఫ విచారమునకు దగ్గరైనది. తడియుటకు వ్యవధి లేనిదే రుచి తెలియదు. రుచి తెలియనిదే పదార్థము మంచిదో చెడ్డదో తెలియదు.

రాయలసీమ ఆహారమైన రాగిసంగటి దీనికి అపవాదమువలె కనబడును. సంగటిని నమలక, తుంచిన ముద్దను పులుసులోనో ఊరుబిండిలోనో అద్ది మ్రింగుట వాడుక. ముద్దను జారుడుగా చేయు లాలకార్యమును ఇందు పులుసు కొంత నెరవేర్చును. మెత్తగా ఉడికిన పిండిని క్లోమరసము విడగొట్టగలదు గనుక ఆరోగ్యవంతునకు దీనివలన జీర్ణహాని కలుగదు. కాని పక్షవాతము మొదలగు వ్యాధులచే మ్రింగుశక్తి తగ్గినవారికిని, నోరెండిన వృద్ధులకును పెద్దముద్ద గొంతున అడ్డుపడు భయము కలదు. వారికి చిన్నముద్దలు గాని, పలుచని అంబలి గాని వైద్యుని సలహాతో ఇయ్యదగును. చరకుడు భోజనవిధిని భోక్తను బట్టి పరీక్షింపవలెననుట ఇందులకే.

స్రావము, శోషము

లాలావికృతులు రెండు విధములు, అధికస్రావము, శోషము. చరకుడు సూత్రస్థానము 20వ అధ్యాయమున ముఖస్రావమును కఫవికారములలో చేర్చెను. విమానస్థానము 7వ అధ్యాయమున కఫజక్రిములవలన వాంతి వచ్చునట్లుండుటను, నోరూరుటను చెప్పెను. ముఖశోషమును, రసము తెలియకుండుటను వాతవికారముల పట్టికలో ఒకచోటనే పేర్కొనెను. తడి పోయిన రుచియు పోవుననుట ఆ పట్టికలోనే సూచితమైనది. పట్టికను కంఠస్థము చేయించుటతో తృప్తిపడక ఇట్టి సాన్నిధ్యములను విద్యార్థికి చూపుట అవసరము.

ప్రమేహ పూర్వరూపములలో నోరు తీపిగా నుండుట, నోరు, తాలువు, కంఠము ఎండుట, దప్పిక అనునవి చరకసంహిత నిదానస్థానము 4వ అధ్యాయమున కలవు. నేటి మధుమేహరోగులకును నోరెండుట సామాన్య లక్షణము. అచ్చటనే కఫజప్రమేహములలో చరకుడు ఆలాలమేహమును చెప్పగా, వాగ్భటుని గ్రంథమున అది లాలామేహము. మూత్రము లాలవలె తీగలుగా సాగుట దాని లక్షణము. ఇది లాలాగ్రంథుల వ్యాధి కాదు, ఉపమానమును బట్టి వచ్చిన పేరు. పేరునుబట్టి వ్యాధిని ఊహించువారు ఇచ్చట జాగరూకులు కావలెను.

వృద్ధాప్యమున నోరెండుటకు వయస్సే కారణమని ఊరకుండుట తగదు. జలుబునకు, రక్తపోటునకు, మనోవ్యాకులతకు వాడు మందులు కొన్ని స్రావమును తగ్గించును. మెడ, ముఖభాగములకు చేయు కిరణచికిత్స గ్రంథులను దెబ్బతీయును. లాల తగ్గినచో దంతములు త్వరగా పుచ్చును, నోటిలో పూత వచ్చును, పొడి ఆహారము దిగదు. గవదబిళ్లలు చెవుల ముందరి లాలాగ్రంథులు వాచు వ్యాధి, ఒకరి లాలాతుంపరల వలన మరియొకరికి సంక్రమించును.

విషము, కఫము, లాల

సుశ్రుతుడు కల్పస్థానము 3వ అధ్యాయమున జంగమవిషమునకు 16 అధిష్ఠానములను లెక్కించెను. దృష్టి, నిశ్వాసము, దంష్ట్ర మొదలగువానితోపాటు లాలయు వానిలో ఒకటి. 7వ అధ్యాయమున పిచ్చికుక్కను వర్ణించుచు, తోకయు దవడయు వ్రేలాడుట, లాల అధికముగా కారుటను చెప్పెను. కరువబడినవాడు నీటిని చూచి భయపడినచో మరణము తప్పదని నిశ్చయించెను. ఆ కుక్క లాలలో వ్యాధికారకమైన వైరస్ ఉండునని నేడు తెలిసినది. లక్షణములు పొడసూపిన పిమ్మట ఈ వ్యాధి నేటికిని దాదాపు ఎల్లప్పుడు ప్రాణాంతకమే. కాని సుశ్రుతుని కాలమున లేని ఉపాయము నేడు కలదు. కరచినను, గాయమును నాకినను, వెంటనే సబ్బుతో ధారగా పారు నీటితో 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక టీకాకై ఆసుపత్రికి పోవలెను. పసరులతో, మంత్రములతో కాలము గడుపుట శాస్త్రగౌరవము కాదు, మరణమును నిశ్చయముగా చెప్పిన సుశ్రుతుని మాటను వినకుండుట.

వెలుపలికి ఉమ్మిన దానియందును వివేకము కావలెను. పాకాల నుండి ధర్మవరము పోవు రైలుమార్గము మదనపల్లె ప్రాంతముగుండ సాగును. ఆ మదనపల్లె చెంత ఆరోగ్యవరమున ఇరువదవ శతాబ్ది రెండవ దశకమున క్షయరోగ చికిత్సాలయము నెలకొన్నది. క్షయరోగ పరీక్షకు కావలసినది ఊపిరితిత్తుల నుండి దగ్గి తీసిన కఫము, నోటి లాల కాదు. లాలను మాత్రమే ఇచ్చిన రోగియందు వ్యాధి ఉండియు పరీక్షలో తెలియకపోవచ్చును. ష్ఠీవనమను ఒక్క మాటలో రెండును ఇముడును గాని, వైద్యునకు భేదమే ప్రాణము. లాల వేరు, కఫము వేరు అను పదవివేకము ఇచ్చట పండితుల వినోదము కాదు.

ముఖసంరక్షణ

దంతధావనమునకు తిక్తములలో వేప, కటువులలో కానుగ శ్రేష్ఠములని సుశ్రుతుడు చికిత్సాస్థానము 24వ అధ్యాయమున చెప్పెను. ఈ రెండును చిత్తూరు సీమ గ్రామములలో సులభముగా దొరకును. పుల్లను నమలునపుడు లాల ఊరుటయు దంతశుద్ధికి సహాయమే. కదల్చుటకు వీలులేనంత నిండుగా ద్రవమును పట్టియుంచినచో గండూషము, నోట త్రిప్పుటకు వీలైనచో కవలము. నోరు కఫముతో నిండి, ముక్కు కన్నులు స్రవించువరకు పట్టియుంచవలెనని చెప్పుటచే, స్రావమును పురికొల్పి వెడలించుటయే ఈ విధి ఉద్దేశమని తెలియుచున్నది.

తాంబూలమును సంహితలు ముఖశుద్ధికరముగా ప్రశంసించినవి. కాని పోకచెక్క చేరిన తాంబూలము, పొగాకు లేకున్నను, క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2003లో నిర్ణయించినది. సంహితల ప్రశంసను పాఠమున చెప్పునపుడు ఈ నిర్ణయమును కూడ చెప్పుట అధ్యాపకుని ధర్మము.

ఉపసంహారము

రసజ్ఞానమునకు తడి కావలెనని ప్రాచీనులు గమనించిరి. దాని స్రావశోషములను వ్యాధిలక్షణములుగా గుర్తించిరి. దానియందు విషము సంచరించునని హెచ్చరించిరి. పిండిపదార్థముపై దాని క్రియను వారు చెప్పలేదు, చెప్పకపోవుట వారికి లోపమును కాదు. తిరుపతిలో ప్రాచ్యకళాశాలయు, ఆయుర్వేద కళాశాలయు, 2020 నుండి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయముగా వ్యవహరింపబడుచున్న సంస్కృత విద్యాపీఠమును ఒకే ఊరనున్నవి. ఇట్టి విషయములను బోధించునపుడు మూలము చెప్పినది ఇది, వ్యాఖ్యాతలు చేర్చినది ఇది, నేటి శాస్త్రము కనుగొన్నది ఇది అని మూడుగా విభజించి చూపినచో విద్యార్థికి సందేహము మిగులదు. మూడింటిని కలిపి ఒకే ముద్దగా అందించినచో మ్రింగుట సులభమే గాని, దేని రుచి ఏదో తెలియదు.